అప్‌డేట్ చేశాక ఛార్జింగ్ ఎటు పోతోంది?

రాత్రి పడుకోబోయే ముందు ఫోన్ ఓ మాట అడుగుతుంది... కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, వేసుకోమంటారా అని. సరేనని నొక్కి, ఛార్జింగ్ పెట్టి పడుకుంటారు. తెల్లారేసరికి ఫోన్ కొత్త పెళ్లికొడుకులా ముస్తాబై ఉంటుంది. బొమ్మలు మారతాయి, అక్షరాలు మారతాయి. పిల్లలు సంబరపడిపోతారు. అసలు కథ మధ్యాహ్నం భోజనాల వేళకి మొదలవుతుంది. నిన్నటిదాకా రాత్రి పదింటికి కూడా 30 శాతం మిగిలే ఛార్జింగ్, ఇవాళ రెండింటికే పదిహేనుకు దిగిపోతుంది. జేబులో పెట్టుకుంటే సెగ తగులుతుంది. 'బంగారంలాంటి ఫోన్‌ని అప్‌డేటో గిప్‌డేటో అని పాడుచేశావు కదరా' అని పెద్దాయన మనవణ్ని కసురుకుంటారు.

ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఇదే గోల. ఒకప్పుడు ఫోన్ ఆగిపోతే మాటలు ఆగేవి, అంతే. ఇప్పుడలా కాదే! కూరగాయల బండి దగ్గర చెల్లింపులు, బ్యాంకు ఓటీపీలు, రైలు టికెట్లు, డాక్టరు రాసిన పరీక్షల రిపోర్టులు... అన్నీ అందులోనే. అందుకే కంగారు. ఆ కంగారులో సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తేవాళ్లున్నారు. 'బ్యాటరీ పోయిందండీ, మార్చాల్సిందే' అన్న దుకాణదారు మాట విని డబ్బులు పోసేవాళ్లున్నారు. ఏకంగా కొత్త ఫోన్ కొనేసేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో కొందరు ఓ వారం ఓపిక పడితే ఒక్క రూపాయి కూడా ఖర్చయ్యేది కాదు. మరికొందరు ఎన్ని వారాలు ఓపిక పట్టినా లాభం ఉండదు. తమది ఏ బాపతో తెలుసుకోవడంలోనే ఉంది కిటుకంతా.

సామాన్లు సర్దుకోవాలిగా!

పెద్ద అప్‌డేట్ అంటే ఫోన్‌కి ఇల్లు మారినట్టే. సామాన్లన్నీ కొత్తింట్లోకి వచ్చి పడ్డాయి. ఇక ఏ డబ్బాలో ఏముందో చూసుకుని సర్దుకోవాలి. ఆ చాకిరీకి ఖర్చయ్యేదే మొదటి రోజుల్లో కరిగిపోయే ఛార్జింగ్.

ఆండ్రాయిడ్ సంగతి చూడండి. యాప్‌లు ఉన్నవి ఉన్నట్టుగా చిప్‌కి అర్థం కావు. వాటిని చిప్ భాషలోకి తర్జుమా చేసి దాచుకుంటుంది ఫోన్. కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ మారిందంటే పాత తర్జుమా చాలావరకు చెల్లదు, మళ్లీ చేసుకోవాలి. 2014లో ఆండ్రాయిడ్ 5 లాలిపాప్ వచ్చిన కొత్తలో ఈ పని కళ్ల ముందే జరిగేది. ఎన్ని యాప్‌లు పూర్తయ్యాయో తెర మీద లెక్క చూపిస్తూ ఉండేది. వంద యాప్‌లుంటే వందా అయ్యేదాకా ఫోన్ చేతికొచ్చేది కాదు. జనం విసుక్కున్నారు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి పద్ధతి మారింది. ఫోన్ వెంటనే చేతికిచ్చేస్తుంది. తర్జుమా కొంత మనం వాడుతుండగా, కొంత ఫోన్ ఖాళీగా ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు చాటుగా కానిస్తుంది. పని కళ్లకు కనిపిస్తే విసుగు, కనిపించకపోతే అనుమానం... ఇంజినీర్ల పాట్లు ఇంజినీర్లవి!

ఐఫోన్‌లో అయితే ఫొటోల వంతు. ఇందులో ఎవరి ముఖం ఉంది, అందులో ఉన్నది కుక్కా పిల్లా అని ఒక్కో ఫొటోనూ పరిశీలించి పెట్టుకోవడం ఫోన్‌కి అలవాటు. వెతికితే వెంటనే దొరకాలి కదా మరి. పెద్ద అప్‌డేట్ తర్వాత ఈ పని మళ్లీ చేయాల్సి రావచ్చు. అన్నప్రాశన నుంచి షష్టిపూర్తి దాకా, మధ్యలో వాట్సాప్‌లో వచ్చిపడిన శుభోదయం బొమ్మలతో సహా ఇరవై వేల ఫొటోలున్న ఫోన్‌కీ, ఐదొందలున్న ఫోన్‌కీ తేడా ఉండదా? పక్కింటాయన ఫోన్ ఒక్కరోజులో కుదుటపడి, మీది నాలుగు రోజులు తీసుకోవడానికి ఇదో కారణం.

దీనికి తోడు యాప్‌ల తగువు. సిస్టమ్ కొత్తది, యాప్ పాతది. రెంటికీ పొసగక చిప్ ఊరికే తిరుగుతూ ఉంటుంది. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 కొన్నవాళ్లు ఫోన్ కాలిపోతోందని మొత్తుకున్నారు. ఐఓఎస్ 17లో లోపం ఉందని, ఇన్‌స్టాగ్రామ్, ఉబర్ లాంటి కొన్ని యాప్‌లూ చిప్‌ని అతిగా వాడుతున్నాయని యాపిల్ ఒప్పుకుంది. అక్టోబరులో 17.0.3 పంపి సరిచేసింది. 2025లో ఐఓఎస్ 26 విడుదల చేసినప్పుడైతే, పెద్ద అప్‌డేట్ తర్వాత బ్యాటరీ మీద, వేడి మీద కొన్నాళ్లు ప్రభావం ఉండొచ్చు, అది మామూలేనని తనే రాసిపెట్టింది. ఈ ముక్క అప్‌డేట్ నొక్కే చోటే పెద్దక్షరాల్లో చెబితే ఎంత బాగుండేది!

అనుమానం ఊరికే రాలేదు

'కొత్త ఫోన్లు అమ్ముకోవడానికి కంపెనీలే పాత ఫోన్లను పాడుచేస్తున్నాయి'... ఈ మాట వినని ఇల్లు ఉండదేమో. అందులో నిజమెంత, అపోహ ఎంత అన్నది తేలాలంటే 2017లో జరిగింది తెలియాలి.

అంతకుముందు ఏడాది ఐఫోన్ 6, 6ఎస్ వాడేవాళ్లకు వింత చిక్కు వచ్చింది. ఛార్జింగ్ ఇంకా 30 శాతం చూపిస్తుండగానే ఫోన్ టక్కున ఆరిపోయేది. 2017 జనవరిలో యాపిల్ ఐఓఎస్ 10.2.1 పంపింది. ఆరిపోవడాలు బాగా తగ్గాయని ఫిబ్రవరిలో ప్రకటించింది. ఎలా తగ్గాయో మాత్రం వివరంగా చెప్పలేదు. ఆ ఏడాది డిసెంబరులో ఒక వినియోగదారుకు ఓ చిత్రం కనిపించింది. నత్తనడక నడుస్తున్న ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయగానే పరుగందుకుంది! బ్యాటరీ మారిస్తే ఛార్జింగ్ పెరగాలి గానీ వేగం ఎందుకు పెరగాలి? ఫోన్ల వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ సాఫ్ట్‌వేర్ రూపకర్త జాన్ పూల్ తన దగ్గరున్న ఫలితాలు తిరగేశాడు. అప్‌డేట్ తర్వాత చాలా ఫోన్లలో వేగం మెట్లు మెట్లుగా పడిపోయినట్టు డిసెంబరు 18న గ్రాఫులతో సహా బయటపెట్టాడు. రెండు రోజుల్లో యాపిల్ ఒప్పుకుంది... బ్యాటరీ పాతబడ్డ ఫోన్లలో వేగాన్ని తగ్గిస్తున్నది తామేనని.

ఎందుకలా? లిథియం అయాన్ బ్యాటరీ వయసు మీదపడిన మనిషిలాంటిది. మెల్లగా నడిస్తే నడుస్తుంది, బస్సు కోసం పరుగెత్తమంటే ఆయాసపడుతుంది. వాడేకొద్దీ లోపల నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, ఆట ఆడినప్పుడో చిప్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ ధబేలున పడిపోతుంది. చిప్‌కి కావలసిన కనీస వోల్టేజీ అందకపోతే ఫోన్ ఆరిపోతుంది. అందుకని చిప్‌నే కాస్త నెమ్మదిగా నడవమన్నారు. సాంకేతికంగా చూస్తే ఇందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. తప్పంతా చెప్పకపోవడంలో ఉంది. కొత్త బ్యాటరీతో తీరిపోయే రోగానికి కొత్త ఫోనే మందనుకుని వేలకు వేలు పోసినవాళ్ల మాటేమిటి?

2017 డిసెంబరు 28న యాపిల్ క్షమాపణ చెప్పింది. అమెరికాలో 79 డాలర్లున్న బ్యాటరీ మార్పిడి ధరను 2018 అంతా 29 డాలర్లకు తగ్గించింది. 2018 మార్చిలో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ ఆరోగ్యం చూసుకునే సదుపాయం వచ్చింది. ఆ తర్వాతే అసలు తమాషా. కొత్త ఐఫోన్ల అమ్మకాలు ఆశించినంతగా లేవని 2019 జనవరిలో మదుపుదారులకు రాసిన లేఖలో సీఈవో టిమ్ కుక్ చెప్పిన కారణాల్లో ఒకటి... జనం చవగ్గా బ్యాటరీ మార్పించుకోవడం! కొనుగోలుదారులకు సంగతి చెప్పనందుకు 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అదే ఏడాది నవంబరులో అమెరికా రాష్ట్రాలతో 11.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

యాపిల్ ఒక్కటే కాదు. 2020లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 4ఏ ఫోన్లకు 2025 జనవరిలో ఓ అప్‌డేట్ వచ్చింది. కొన్నిటిలో బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించేది అది. వాటి యజమానులకు ఉచితంగా బ్యాటరీ మార్చడమో, డబ్బివ్వడమో చేస్తామంది గూగుల్. ఇక్కడ మంచుకు ముందే మబ్బు కనిపించింది, చెప్పి చేసింది. అయినా తమ ఫోన్ శక్తిని తమనడక్కుండా తగ్గించడమేమిటని అడిగేవాళ్లు అడిగారు. న్యాయమే కదా!

మన దగ్గరా ఈ ఫిర్యాదులు ప్రభుత్వం దాకా వెళ్లాయి. ఐఓఎస్ 18 తర్వాత ఫోన్లు సరిగా పనిచేయడం లేదని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదులు రావడంతో, 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ యాపిల్‌కు నోటీసు ఇచ్చింది. ఆ హెల్ప్‌లైన్ నంబరు 1915. గుర్తుపెట్టుకోండి, ఫోన్ల గొడవకే కాదు, మిక్సీ గొడవకైనా పనికొస్తుంది.

మరి మీ ఫోన్ సంగతి?

అప్‌డేట్ చేసిన రోజు నుంచి ఓ వారం చూడండి. రాత్రిళ్లు వైఫై ఆన్‌లో ఉంచి ఛార్జింగ్ పెడితే సర్దుళ్లన్నీ అప్పుడే అయిపోతాయి. యాప్‌లన్నిటినీ అప్‌డేట్ చేయండి, ఫోన్‌ని ఒకసారి ఆపి వేయండి. రోజురోజుకీ కొద్దికొద్దిగా మెరుగవుతోందంటే బెంగ అక్కర్లేదు. తగ్గలేదంటే సెట్టింగుల్లో బ్యాటరీ అన్న చోట ఏ యాప్ ఎంత తింటోందో చూడండి. ఎప్పుడూ తెరవని యాప్ పైవరుసలో కూర్చుందంటే దొంగ దొరికినట్టే. దాన్ని తీసేసి మళ్లీ వేసుకుంటే చాలాసార్లు సరిపోతుంది. తెరిచిన యాప్‌లన్నిటినీ గంటగంటకీ పైకి తోసి మూసేయడం మాత్రం చాలామందికున్న వృథా అలవాటు. మళ్లీ మొదటినుంచి తెరవాలంటే ఇంకా ఎక్కువ ఖర్చు.

బ్యాటరీదే రోగమైతే లక్షణాలు వేరు. ఛార్జింగ్ క్రమంగా తగ్గదు, దూకుతుంది. నలభై చూపించి, కాసేపటికి పన్నెండు చూపించి, ఆరిపోతుంది. ఇది అప్‌డేట్‌కి ముందే కాస్త మొదలై ఉంటుంది, సర్దుళ్ల బరువు పడేసరికి బయటపడుతుంది. ఐఫోన్లలో, కొన్ని కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో సెట్టింగుల్లోనే ఉంటుంది. 80కి దిగువన ఉంటే మార్చుకునే వేళయినట్టే. ఐఫోన్ 14, అంతకుముందు వచ్చిన ఫోన్ల బ్యాటరీలు 500 సార్లు పూర్తిగా వాడాక 80 శాతం నిలిచేలా చేసినవి, 15 నుంచి 1000 సార్లు. రోజుకో నిండు ఛార్జింగ్ ఖర్చుచేసేవారికి 500 అంటే ఏడాదిన్నర కూడా లేదు.

ఎండ సంగతి మరవకండి. 35 డిగ్రీలు దాటిన చోట వాడితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చని యాపిల్ చెబుతుంది. రెంటచింతల, రామగుండం వాళ్లు వింటే నవ్వుతారు... మే నెలలో అక్కడ 35 అంటే చల్లటి సాయంత్రం! కనీసం మధ్యాహ్నప్పూట కారు డ్యాష్‌బోర్డు మీద, బండి హ్యాండిల్ మీద ఫోన్ పెట్టి దారి చూసుకోవడం తగ్గించండి. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వారం, పది రోజులు అని చూడొద్దు. ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

ఒకసారి చేయి కాలిందని అసలు అప్‌డేట్లే మానేసేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు ఖాతా ఉన్న ఫోన్‌కి అది మంచిది కాదు. దొంగలు దూరే కంతలు పూడ్చేది ఆ అప్‌డేట్లే. కావాలంటే పెద్ద అప్‌డేట్‌ను రెండు మూడు వారాలు వాయిదా వేయండి. మొదట్లో బయటపడ్డ లోపాలను సరిచేస్తూ వెనకాలే ఓ చిన్న అప్‌డేట్ వస్తుంది. అది వచ్చాక రెండూ కలిపి వేసుకోవచ్చు. ఇంట్లో పెళ్లో, ప్రయాణమో, పిల్లల కౌన్సెలింగో ఉంటే ఆ ముందురోజు రాత్రి మాత్రం ఫోన్ ఎంత అడిగినా 'తర్వాత' అనే నొక్కండి.