బాలవీరుడూ, కిరాయి దండూ

మన కళాశాల గ్రంథాలయంలో అన్నిటికంటె ముందుగా అట్టలు ఊడిపోయే పుస్తకాలు అద్భుత కథలే. తెలుగున జానపద నవల కానీండి, ఉర్దూన అమీర్ హంజా దాస్తాన్ కానీండి, కథానాయకునికి నూనూగు మీసాలు రాకముందే రాజ్యం చేజిక్కుతుంది. ఎక్కడినుండియో వచ్చిన కిరాయి వీరులు అతని కొరకు ప్రాణాలర్పిస్తారు. ఇవన్నీ అసంభవాలనీ, విద్యార్థుల మనస్సులను చెరుపుతాయనీ, వీటిని కొనడం మానివేయాలనీ పెద్దలు కొందరు అంటుంటారు. వారి ఆవేదనను నేను కాదనను. కాని ఇందులో ఏది సంభవమో, ఏది అసంభవమో ముందుగా చరిత్రనే అడగడం న్యాయం కదా!

వయస్సు విషయంలో చరిత్ర కథకుని పక్షమే వహిస్తుంది. 1483లో జన్మించిన బాబరు 1494లో, పన్నెండేండ్లు నిండకుండానే, ఫర్గానా సింహాసనమెక్కాడు. 1497లో, పదునాలుగేండ్ల ప్రాయంలో, నెలల తరబడి ముట్టడించి సమర్‌ఖందును గెలిచాడు. అతని మనుమడు అక్బరు 1556లో పాదుషా అయిననాటికి పదమూడేండ్లవాడు. కనుక బాలవీరుడు కవి కల్పన కాడు.

అయితే గెలిచిన తరువాతి కథ ఏమిటి? ముట్టడికి చిక్కి శల్యమైన ఆ నగరంలో సైనికులకు పంచడానికి ఏమీ మిగలలేదు. దోపిడి సొమ్ము దొరకని దండు కొద్దికొద్దిగా జారిపోయింది. ఇంతలో స్వస్థలమైన అందిజాను తిరుగుబాటుదారుల పాలయింది. దానిని కాపాడుకోవాలని బయలుదేరితే సమర్‌ఖందు కూడ చేజారింది. అతడు దానిని ఏలింది నూరు దినాలు మాత్రమే. కష్టంలో తనను విడువక నిలిచినవారు రెండువందలకు ఎక్కువ, మూడువందలకు తక్కువ అనీ, దుఃఖం పట్టలేక ఏడ్చాననీ బాబరు తన ఆత్మకథలో దాపరికం లేకుండా వ్రాసుకున్నాడు. ఆ బాలునికి ఆలోచన చెప్పి, పనులు చక్కబెట్టినది అతని అమ్మమ్మ ఐసాన్ దౌలత్ బేగం. అక్బరు వెనుక బైరంఖాను ఉన్నాడు. మన నవలల్లో లేనిది ఈ అమ్మమ్మయే!

ఇక కిరాయి దండు సంగతి. దీనికి దూరదేశాలకు పోనక్కరలేదు. నిజాం అలీఖాను కొలువులో ఫ్రెంచివాడైన రేమాండు 10,000కు పైబడిన సేనను తీర్చిదిద్దాడు. మలక్‌పేట ప్రాంతంలో గుట్టమీద ఆయన సమాధి నేటికీ ఉన్నది. 1798 మార్చిలో ఆయన మరణించాడు. సెప్టెంబరులో నిజాము ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసుకున్నాడు. అక్టోబరులో ఆ సేన జీతం బాకీల కొరకు తిరగబడి, తన అధికారులనే నిర్బంధించింది. కంపెనీ పటాలాలు చుట్టుముట్టి, బాకీ చెల్లిస్తామని మాట ఇవ్వగానే ఆయుధాలు క్రింద పెట్టింది. అంతటి దండు ఒక్క దినంలో చెదిరిపోయింది. ఆ సైనికులను నిందించలేము. వారిండ్లలోనూ పొయ్యి వెలగాలి.

కనుక అసంభవం నాయకుని వయస్సులో లేదు. ఖజానా ప్రసక్తి లేని విశ్వాసంలో ఉన్నది. దాస్తాన్ చెప్పిన పెద్దలకు ఈ రహస్యం తెలియకపోలేదు. అందుకే కాబోలు, హంజాకు ప్రాణమిత్రుడైన అమర్ అయ్యారును ధనాశాపరునిగా చిత్రించి, ఎంత వేసినా నిండని జంబీల్ అనే సంచిని అతని భుజాన తగిలించారు.

కళాశాల సంఘం వారికి నా మనవి: ఈ కథలను కొనడం మానవద్దు. వాటి ప్రక్కనే బాబరు ఆత్మకథను కూడ ఉంచండి. ఒకటి చదివిన పిల్లవాడు రెండవదానికి చేయి చాస్తాడు.

విద్యార్థులకు ఒక్క మాట. చిన్నతనం ఘనకార్యానికి అడ్డు కాదు. కాని ఇంటిలోని పెద్దల ఆలోచనను చులకన చేయకండి. వీరత్వం పేర మిమ్మల్ని తమ దండులో చేరమని పిలిచేవారు ప్రతి కాలంలోనూ ఉంటారు. అడుగు వేయకముందే అడగండి: ఈ దండుకు జీతం ఇస్తున్నది ఎవరు? అది ఆగిన దినాన నా ప్రక్కన నిలిచేది ఎవరు?