రోజుకి 36 బాణాలు చాలు



ఆగస్టు 9 దగ్గర పడుతోంది. ర్యాలీకి విల్లంబులు ఎవరు తెస్తారు, ఎన్ని కావాలి అని గ్రూపులో అడగడం మొదలైంది. మంచిదే, తెద్దాం. కానీ పోయిన ఏడాది నుంచి మనసులో పెట్టుకున్న మాట ఒకటి ఉంది, ఈసారి చెప్పేస్తాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయినసారి గుడ్లవల్లేరులో ర్యాలీ అయ్యాక అందరం గ్రౌండులో కూర్చున్నాం. చూడ్డానికి వచ్చిన ఊరి పెద్దాయన ఒకాయన మన తమ్ముడిని పిలిచి, "బాబూ, ఆ చెట్టు మొదలుకి ఒక బాణం వేసి చూపించు" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగా చూద్దామని అడిగాడు. తమ్ముడు కోయ పిల్లాడు, బుట్టాయగూడెం వైపు నుంచి చదువుకోడానికి వచ్చాడు. వాళ్ల తాత విల్లు పడితే గురి తప్పేవాడు కాదని చెప్పుకుంటారు. వీడు తాడు సగం లాగాడు, చెయ్యి వణికింది, బాణం నాలుగు అడుగుల దూరంలో నేలమీద పడింది. పెద్దాయన ఏమీ అనలేదు. మనవాళ్లే నవ్వారు. "అదేంట్రా, రక్తంలోనే ఉంది అన్నావుగా!" అన్నారు. ఆ తమ్ముడు వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత విల్లు ముట్టుకోలేదు.

తప్పు వాడిది కాదు. "విలువిద్య మన రక్తంలో ఉంది" అని వాడికి చెప్పింది మనం. ఆ మాట వాడిని సాధన చెయ్యనివ్వలేదు. రక్తంలో ఉన్నదాన్ని మళ్లీ నేర్చుకోవడం ఎందుకు అనుకున్నాడు. తీరా బాణం పడిపోయేసరికి, నా రక్తంలోనే ఏదో లోపం ఉంది అనుకున్నాడు. గెలిస్తే మన కష్టానికి పేరు రాదు, ఓడితే మన జాతికే అవమానం. అలాంటి మాట మనకెందుకు?

మా తాతని ఒకసారి అడిగాను, నీకు గురి ఎలా వచ్చింది అని. ఏడెనిమిదేళ్లప్పుడు చేతికి చిన్న విల్లు ఇచ్చారట. అరటి బోదె నిలబెట్టి, రోజూ పొద్దుగూకే దాకా దానికి వేసేవాళ్లట. తర్వాత చేలో పిట్టలు తోలడానికి, ఇంకా పెద్దయ్యాక పెద్దల వెంట అడవికి. పదేళ్లపాటు రోజుకి ఇరవై ముప్పై బాణాలు వేసుకున్నా, మొత్తం లెక్క లక్ష దగ్గరికి వస్తుంది. తాత దాన్ని సాధన అనలేదు, బతుకు అన్నాడు. సాధన కోసం వేరే టైము పెట్టుకోవాల్సిన అవసరం ఆయనకి రాలేదు, అడవే రోజూ చేయించింది.

ఇప్పుడు ఆ అడవి మన రోజులో లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఆ చట్టం మంచిచెడ్డలు వేరే చర్చ, ఇక్కడ వద్దు. మనం చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలకి వెళ్లాం, అక్కడి నుంచి హాస్టలు, అక్కడి నుంచి ఈ డెల్టాకి. ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకుందాం. ఈ గ్రూపులో కోయలు, కొండరెడ్లు మాత్రమే లేరు. గుడివాడ, బందరు, దివిసీమ చుట్టూ ఉండే యానాది, ఎరుకల, సుగాలీ పిల్లలు కూడా ఉన్నారు. అందరి ఇళ్లలో విల్లు ఒకేలా లేదు. కొందరి తాతలు వల పట్టారు, కొందరు బుట్టలు అల్లారు, కొందరు పశువుల్ని తోలారు. రక్తం మాట పట్టుకుంటే వీళ్లలో సగం మందిని మనమే బయట నిలబెట్టినట్టు అవుతుంది. సాధన మాట పట్టుకుంటే అందరం ఒకే గీత మీద నిలబడతాం.

లింబారామ్ గారి పేరు మీలో కొందరు వినే ఉంటారు. రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లా ఆదివాసీ బిడ్డ. చిన్నప్పుడు వెదురు విల్లుతో వేటాడినవాడే. 1987లో ప్రభుత్వ శిక్షణకి ఎంపికయ్యాడు. 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్‌కి వెళ్లాడు. 1992లో బీజింగ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో 30 మీటర్ల దూరంలో 360కి 357 పాయింట్లు కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును అందుకున్నాడు. వేట ఆయనకి చెయ్యి, కన్ను ఇచ్చింది, నిజమే. కానీ 36 బాణాల్లో మూడంటే మూడే పాయింట్లు పోగొట్టుకోవడం వేటతో రాదు. వేటలో ఒక్క బాణం తగిలితే చాలు. పోటీలో ముప్పై ఆరో బాణం కూడా మొదటి బాణంలాగే ఉండాలి. అది క్రమం తప్పని శిక్షణ ఇచ్చింది.

అంత దూరం ఎందుకు, ఇక్కడ రైలెక్కితే గుడివాడ మీదుగా విజయవాడ. జ్యోతి సురేఖ గారు ఆ ఊరి అమ్మాయే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ కూడా ఆ ఊరి కుర్రాడే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకిత భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. వీళ్ల గురించి రక్తంలో ఉంది అని ఎవరూ అనరు, ఎన్నేళ్లు ప్రాక్టీసు చేశారో అంటారు. మన గురించి కూడా అలాగే అనాలని నా కోరిక.

అకాడమీలో చేరే డబ్బు మనకి లేదు, నాకు తెలుసు. పోటీల్లో వాడే విల్లు ధర వింటేనే కళ్లు తిరుగుతాయి. అయితే జాతీయ స్థాయిలో వెదురు విల్లుతోనే ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం కూడా ఉంది. అందుకే ఉన్న వెదురు విల్లుతో, హాస్టలు టైములో కుదిరే పద్ధతి ఒకటి చెబుతాను. నేను, ఇంకో ఇద్దరం ఎనిమిది నెలలు పాటించి చూశాం.

ముందు చోటు. కాలువ గట్టు మీద వద్దు, పొద్దున్నే జనం నడుస్తారు, పశువులు వస్తాయి. చేలోకి కూడా వద్దు. కోత అయిపోయింది ఖాళీగా ఉంది కదా అనుకుంటాం, అందులో మినుము మొలకెత్తి ఉంటుంది. రైతు తిడితే తప్పు మనదే. గ్రౌండులో ఒక మూల అడిగి తీసుకోండి. వెనకాల గోడో మట్టి దిబ్బో ఉండాలి. గురికి ఏమీ కొనక్కర్లేదు. ఈ ప్రాంతంలో వరిగడ్డికి కొదవా? రెండు గోనె సంచుల్లో గట్టిగా కుక్కి, తాడుతో బిగించి, ఛాతీ ఎత్తులో పెట్టండి. వానకి తడిస్తే గడ్డి మార్చండి, లేకపోతే కుళ్లిపోతుంది. ఒకరు వేస్తుంటే మిగతావాళ్లు వెనకే ఉండాలి. బాణాలు ఏరుకోడానికి అందరూ ఒకేసారి వెళ్లాలి. దీంట్లో మొహమాటం వద్దు.

టైము పొద్దున్న ఆరు లోపు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి మొదలవుతుంది, నేర్చుకునేవాళ్లకి తప్పు తమదో గాలిదో తెలియదు.

విల్లు. తాత విల్లు పట్టుకుని ఫొటో దిగండి, సాధన మాత్రం మీ బలానికి తగినదానితో చెయ్యండి. పూర్తిగా లాగి, చెయ్యి వణక్కుండా పది లెక్కపెట్టే దాకా ఆపగలిగితే అది మీ విల్లు. ఆపలేకపోతే అది ఇంకా మీది కాదు. మన తమ్ముడి బాణం పడిపోయింది అందుకే. పెద్ద విల్లు కోసం పాత సైకిలు ట్యూబు ఒకటి తీసుకుని రోజూ రాత్రి పదిసార్లు లాగి పట్టండి, రెండు చేతులతోనూ. బాణం పెట్టకుండా విల్లు లాగి ఉత్త తాడు వదలొద్దు, విల్లు విరుగుతుంది.

ఇక బాణాలు. రోజుకి 36, ఆరేసి చొప్పున ఆరు విడతలు. అంతకు మించి వద్దు. ఒకరోజు వంద వేసి, భుజం పట్టేసి, నాలుగు రోజులు పడుకోవడం మనలో చాలామంది చేసేదే. అలసిపోయాక వేసే బాణం తప్పునే నేర్పుతుంది.

మొదటి రెండు విడతలు ఐదు మీటర్ల నుంచి, గురి గుర్తు ఏమీ లేకుండా ఉత్త గడ్డి సంచికే వెయ్యండి. తగిలిందా లేదా చూడొద్దు. పాదాలు రోజూ ఒకేలా ఉన్నాయా, లాగిన చెయ్యి ప్రతిసారీ దవడ మీద ఒకే చోట ఆగిందా, తాడు వదిలాక విల్లు పట్టిన చెయ్యి కింద పడిపోకుండా నిలిచిందా, ఈ మూడే చూడండి. తర్వాత మూడు విడతలు అరచేతంత కాగితం అంటించి, దానికి వెయ్యండి. ఆఖరి విడత రోజుకి ఒక్కసారే, లెక్క కోసం. ఆరింట్లో ఎన్ని తగిలాయో పుస్తకంలో రాయండి. మూడు రోజులు వరసగా ఆరింట్లో ఐదు తగిలితే రెండు మీటర్లు వెనక్కి జరగండి. తగలకపోతే అక్కడే ఉండండి. ఆదివారం సెలవు, విల్లుకీ మనిషికీ.

ఐదు మీటర్లు అంటే నవ్వుతారు. "అంత దగ్గర్నుంచి చిన్నపిల్లలు కూడా కొడతారు" అంటారు. నిజమే. 2015లో విజయవాడలో డాలీ శివాని అనే మూడేళ్లు కూడా నిండని పాప ఐదు మీటర్ల నుంచి 36, ఏడు మీటర్ల నుంచి 36 బాణాలు వేసి రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. వోల్గా ఆర్చరీ అకాడమీ పెట్టిన చెరుకూరి సత్యనారాయణ గారి ఇంటి పాప. అంత విద్య తెలిసిన ఇంట్లోనే ఐదు మీటర్ల నుంచి మొదలుపెట్టారు, మనకేం చిన్నతనం?

లెక్క కూడా చూడండి. ఐదు మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు పక్కకి పోయే బాణం, అదే తప్పుతో వేస్తే 30 మీటర్ల దగ్గర ఆరు సెంటీమీటర్లు, ఒలింపిక్స్‌లో ఆడే 70 మీటర్ల దగ్గర 14 సెంటీమీటర్లు పోతుంది. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డంగా కొలిస్తే 12.2 సెంటీమీటర్లే. దూరంలో కనపడే తప్పు దగ్గరే పుడుతుంది, అక్కడే సరిచెయ్యాలి.

కొందరు పెద్దలు నాతో అన్నారు, "పుస్తకాలు, లెక్కలు, విడతలు, ఇది మన పద్ధతి కాదు, బయటవాళ్లది" అని. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. విల్లు మనకి ఆట వస్తువు కాదు. 1922 ఆగస్టులో అల్లూరి వెంట చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదకి వెళ్లిన మన్యం వీరుల చేతిలో ఉన్న వస్తువు అది. కానీ పెద్దలకి ఒకటే మనవి. రోజూ చేయించిన అడవి పోయాక రోజూ చేయించేది ఇంకోటి కావాలి. మాకు ఆ పని పుస్తకం చేస్తోంది. మీరు చెప్పాల్సింది పుస్తకంలో దొరకనిది. ఏ వెదురు కొట్టాలి, ఏ నెలలో కొట్టాలి, నిప్పు మీద బాణం ఎలా సరిచెయ్యాలి, ఈక ఎటు తిప్పి కట్టాలి. సెలవులకి వచ్చినప్పుడు అవి నేర్పండి. రోజూ విల్లు పట్టే పిల్లాడే ఆ ప్రశ్నలు అడుగుతాడు. ర్యాలీ రోజు మాత్రమే పట్టేవాడికి ఆ అవసరమే రాదు.

ఏకలవ్యుడి బొటనవేలు గురించి ఈ గ్రూపులో ఏటా పోస్టులు పెడతాం. అన్యాయం అది, అనాల్సిందే. కానీ గురువు కాదన్నాక మట్టి బొమ్మ పెట్టుకుని, ఒంటరిగా, రోజూ సాధన చేశాడే, ఆ భాగం గురించి ఎవరూ రాయరు. మనకి కోచ్ లేడు, గడ్డి సంచి ఉంది. ఆయన కన్నా మన పరిస్థితి ఏమీ అధ్వాన్నం కాదు.

ఇంకో మాట, ముఖ్యంగా అన్నలకి. ర్యాలీలో విల్లులు మగపిల్లలకి ఇచ్చి, ఆడపిల్లల్ని డాన్సుకి పంపడం ఈసారితో ఆపుదాం. మాతో ఎనిమిది నెలలు చేసిన ముగ్గురిలో ఒకరు ఎరుకల చెల్లెమ్మ. ఇంట్లో విల్లు ఎన్నడూ చూడలేదు. పుస్తకం ఒక్కరోజు కూడా ఖాళీ వదల్లేదు. ఇప్పుడు 20 మీటర్ల దగ్గర ఆరింట్లో ఐదు కాగితానికి కొడుతోంది. నేను ఇంకా 16 దగ్గరే ఉన్నాను. నాది కోయ ఇల్లు.

ఆగస్టు 9కి ఇంకా ఆరు వారాలు ఉంది. ఆదివారాలు తీసేస్తే 36 రోజులు, రోజుకి 36 అంటే 1296 బాణాలు. ఎవరూ ఛాంపియన్ అయిపోరు. కానీ ర్యాలీ అయ్యాక ఆ పెద్దాయన మళ్లీ వచ్చి వేసి చూపించమంటే, బాణం చెట్టు మొదలు దాకా వెళ్తుంది. సోమవారం పొద్దున్న ఐదున్నరకి గ్రౌండు మూలన ఉంటాం. సంచులు సిద్ధంగా ఉన్నాయి, విల్లులు నాలుగున్నాయి. విల్లు లేనివాళ్లు కూడా రండి, వంతులు వేసుకుందాం. ఆ తమ్ముడికి మాత్రం గ్రూపులో కాకుండా నేనే వెళ్లి చెబుతాను. పోయిన ఏడాది నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ని.