నిద్రపుచ్చే ముందు అడగాలి

మూత వేయగానే ల్యాప్‌టాప్ నిద్రపోతుందని అందరూ అనుకుంటారు. ఆ రెండు మూడు సెకన్లలో లోపల జరిగే సర్దుడు, టాటానగర్ స్టేషన్‌కు సామాను చేరవేసే రోజున మన క్వార్టర్లలో జరిగే సర్దుడుకు ఏమాత్రం తీసిపోదు.

కీబోర్డు, సౌండ్ కార్డు, వైఫై, ఇలా ప్రతి పరికరానికీ ఒక డ్రైవర్ ప్రోగ్రాము ఉంటుంది. లినక్స్‌లో సస్పెండ్ ఆజ్ఞ రాగానే కెర్నల్ ఒక్కొక్క డ్రైవర్‌నూ పిలుస్తుంది. డ్రైవర్ కొత్త పని ఒప్పుకోవడం మానాలి, చేతిలో ఉన్నది ముగించాలి, పరికరం రిజిస్టర్లలోని అమరికలను మెమరీలో దాచాలి. కరెంటు పోతే పరికరం అవన్నీ మరిచిపోవచ్చు. మెమరీకి మాత్రం కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. దీనికి ఎస్3 అని పేరు. ఈ పేర్లున్న ఏసీపీఐ ప్రమాణాన్ని ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో విడుదల చేశాయి.

వరుస కూడా ముఖ్యమే. పిల్ల పరికరాలు ముందు పడుకోవాలి, తల్లి పరికరాలు తర్వాత. లేచేటప్పుడు తల్లి ముందు. పెన్‌డ్రైవ్ లేవాలంటే అది తగిలించి ఉన్న యూఎస్‌బీ కంట్రోలర్ ముందే లేచి ఉండాలి కదా! నాన్నగారు ముందుగా వెళ్లి డ్యూటీలో చేరి, క్వార్టర్ దొరికాక మనల్ని పిలిపించుకోవడం కూడా ఇదే వరుస.

ఇక అసలు సంగతి. ఏ డ్రైవరైనా "ఇప్పుడు కుదరదు" అని తప్పు కోడ్ పంపితే నిద్ర మొత్తం ఆగిపోతుంది. అప్పటికే పడుకున్నవాటిని కూడా కెర్నల్ లేపుతుంది. దీన్ని మొండితనం అనేవాళ్లున్నారు. కారణం లేకుండా మొరాయించే డ్రైవర్ వల్ల సంచిలోనే బ్యాటరీ ఖాళీ అవుతుంది, నిజమే. కానీ సగం పనిలో ఉన్నది ఆ మాట చెప్పడం తప్పు కాదని మా అభిప్రాయం. మన ఊరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను కూడా బల్బు ఆర్పినట్టు ఆపరు. అదనంగా కోకు వేసి, గాలి ఆపి, లోపలి వేడి పోకుండా కాపాడతారు.

నవంబరులో బదిలీ ఆర్డరు వస్తే మమ్మల్ని ఎవరూ అడగరు. ప్రాజెక్టు ఫైలు సగంలో ఉంటుంది. కొత్త స్కూల్లో మనం చదవని పాఠం అయిపోయి ఉంటుంది, చదివిన పాఠం మళ్లీ మొదలవుతుంది. బదిలీలు ఆపమని మేము కోరడం లేదు, అది అయ్యే పనీ కాదు. టీసీతో పాటు ఇంకొక కాగితం ఇవ్వండి. ఏ సబ్జెక్టు ఎక్కడిదాకా వచ్చింది, ఏ ప్రయోగం మిగిలింది అని మమ్మల్ని అడిగి, క్లాస్ టీచర్ రాసి సంతకం చేసిన కాగితం. అర పేజీ చాలు.