దోనె ఎక్కే ముందు



ఈ నెల పెద్దల పుటలో పడవ ప్రయాణం గురించి వ్రాస్తున్నామంటే నల్లమాడ వైపు వారికి నవ్వు రావచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన చూసే కరువు సీమ మనది. వేరుశనగ విత్తనానికి ఒక పదును వాన కావాలని ప్రార్థన కూడికలు పెట్టుకొనే మనకు పడవతో పని ఏమిటి?

పని ఉన్నది. సంఘమంతా కలిసి బస్సు మాట్లాడుకొని, రాజమండ్రి వెళ్లి పాపికొండలు చూచి వచ్చేవారు ఉన్నారు. పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లినవారు గలిలయ సముద్రం మీద పడవలో తిరిగి వస్తారు. హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణా నీళ్లు గొల్లపల్లి, చెర్లోపల్లి జలాశయాలకు చేరిన తరువాత మన దగ్గర కూడా నిండు నీళ్లు కంటికి కనబడుతున్నవి. మనవలు "రా అవ్వా, రా తాతా" అని చెయ్యి పట్టి లాగుతారు. అరవై ఏండ్లు దాటిన తరువాత మొదటిసారి పడవ ఎక్కేవారు మన సంఘాల్లో తక్కువేమీ కాదు. నీళ్లు తెలియని వారికే నీళ్ల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి.

జరిగిన సంగతులు మరువరాదు. 2017 ఏప్రిల్ 28న గుంతకల్లు మండలం వై.టి. చెరువులో, మోయగలిగినంత కంటే ఎక్కువమంది ఎక్కిన చిన్న పడవ తిరగబడింది. పిల్లలు, స్త్రీలతో సహా పదిమందికి పైగా చనిపోయారు. అది సముద్రం కాదు, మన కరువు సీమలోని చెరువు. అదే ఏడాది నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణానదిలో, అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవైమంది దాకా ప్రాణాలు పోయాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా, పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో ఉన్నది 77 మంది, ప్రాణాలతో బయటపడినది 26 మంది. చుట్టుపక్కల ఊళ్లవారు తమ పడవలు వేసుకొని వెళ్లి వారిని ఒడ్డుకు చేర్చారు.

ఇటువంటి మాటలు చెప్పినప్పుడు కొందరు విశ్వాసులు, "ప్రార్థన చేసుకొని ఎక్కుదాం, దేవుడే చూచుకొంటాడు" అంటారు. ప్రార్థన చేయవలసినదే. అయితే దేవాలయ శిఖరం నుండి దూకమని సాతాను చెప్పినప్పుడు మన ప్రభువు దూకలేదు. దేవుని శోధించడం విశ్వాసం కాదని మనకు నేర్పాడు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీసి చదవండి. ఓడలో ఉన్నవారు 276 మంది. ప్రయాణానికి ఇది సమయం కాదని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి ఆ మాట వినక, ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట విన్నాడు. తుపానులో దేవుడు పౌలుకు మాట ఇచ్చాడు, ఒక్క ప్రాణం కూడా పోదని. ఆ మాట నెరవేరిన విధం చూడండి. ఈత వచ్చినవారు ముందుగా దూకారు. మిగిలినవారు పలకలు, ఓడ చెక్కలు పట్టుకొని ఒడ్డు చేరారు. వాగ్దానం ఉన్నది గదా అని ఎవరూ పలక వదిలిపెట్టలేదు. ఈ దినాల్లో మనకు ఆ పలక లైఫ్ జాకెట్టే. దానిని తొడుక్కోవడం అవిశ్వాసం కాదు.

గనుక పడవ ఎక్కక ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ పడవకు అనుమతి ఉన్నదా? ఎంతమందికి అనుమతి, ఇప్పుడు ఎంతమంది ఎక్కారు? నా ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్టు ఏది? జవాబు సరిగా రాకపోతే ఒడ్డుననే కూర్చోండి. టిక్కెట్టు డబ్బులు పోతే పోనీయండి. వరద వార్త విన్నా, గాలి లేచినా, మబ్బు కమ్మినా, చీకటి పడుతున్నా ప్రయాణం మానుకోండి.

జాకెట్టును రేవులోనే తొడుక్కొని పట్టీలన్నీ బిగించుకోండి. చంకన పెట్టుకొన్న జాకెట్టు ఎవరినీ కాపాడదు. ఉక్క పోసినా, భోజనం వేళ అయినా తీయవద్దు. స్త్రీలు కొంగు నడుముకు దోపుకోవాలి, పురుషులు పంచె మోకాళ్ల దాకా ఎగగట్టుకోవాలి. జారే చెప్పులు వద్దు. ఎక్కేటప్పుడు గట్టు మీది నుండి దూకక, ఒకరి చెయ్యి పట్టుకొని, అడుగు పడవ నడుమన వేసి వెంటనే కూర్చోండి. అంచున గాక మధ్యన, బయటికి దారి కనబడే చోట కూర్చోవడం మేలు. మూసిన గదిలోనికి పోవద్దు. ఫోటో కోసమో, ఒడ్డున ఏదో చూడడానికో అందరూ ఒకే ప్రక్కకు లేచి పోతే పడవ ఒరుగుతుంది. ఇతరులు లేచినా మీరు లేవవద్దు.

ఇక సుఖంగా వెళ్లి రావడం గురించి. బి.పి., షుగరు మాత్రలు మానవద్దు. వాటిని ప్లాస్టిక్ కవరులో చుట్టి దగ్గర పెట్టుకోండి. షుగరు ఉన్నవారు పస్తుతో ఎక్కరాదు, తినేది ఏదైనా వెంట ఉంచుకోవాలి. ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవారు ఆ దినం దానిని ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును ముందే అడగాలి. మరుగుదొడ్డి లేదని మంచినీళ్లు త్రాగడం మానేసేవారు ఉన్నారు. ఎండలో అది కళ్లు తిరిగి పడిపోయే దారి. వాంతుల మాత్రలతో పెద్దవారికి మగత వస్తుంది, కొందరు పురుషులకు మూత్రం బిగదీస్తుంది. అడగకుండా వేసుకోవద్దు. కడుపులో తిప్పితే దూరాన గట్టు వైపు చూస్తూ గాలి తగిలే చోట కూర్చోండి. తలకు తువ్వాలు, కళ్లజోడుకు దారం మరువకండి.

యౌవనులకు ఒక మాట. అవ్వ "నాకు భయంగా ఉందిరా, ఈ పడవ వద్దు" అన్నప్పుడు నవ్వకండి. ఆ దినం పౌలు మాటను త్రోసివేసినవారికి సరుకు పోయింది, ఓడ కూడా పోయింది. పెద్దలకు కూడా ఒక మాట. నలుగురి సంతోషం చెడుతుందని నోరు మూసుకోకండి. నిండిపోయిన పడవ దగ్గర నిలబడి, "ఇందులో మనం ఎక్కడం లేదు" అని చెప్పగలిగిన పెద్దవాడు ఆ దినం తన ఇంటివారికి చేసే మేలు చిన్నది కాదు.

అన్నీ సరిగా ఉంటే సంతోషంగా ఎక్కండి. ఆయన చేసిన కొండలను, నీళ్లను కన్నులారా చూచి స్తుతించండి. దేవుడు మిమ్మును, మీ పిల్లలను క్షేమంగా ఇల్లు చేర్చును గాక. ఆమేన్.