తలుపు తెరచి ఉంచవలసిన గది

ప్రతి ఏటా డిసెంబరు 1వ తేదీన కళాశాలలలో ఎయిడ్స్ దినం జరుపుకొంటాము. ఎర్ర రిబ్బన్లు ధరిస్తాము, ఊరేగింపు తీస్తాము, వ్యాసరచనలో బహుమతులు అందుకొంటాము. ఇవన్నీ మంచివే. కాని పురుషులను ప్రేమించే యువకులు కూడ మన మధ్యనే ఉన్నారనీ, వారికి ఈ ప్రమాదం అధికమనీ ఆ సభలలో ఎవరూ పైకి అనరు. ఆ మౌనాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2017 లెక్కల ప్రకారం దేశంలోని వయోజనులలో హెచ్.ఐ.వి. 0.22 శాతం, పురుషులతో సంపర్కం గల పురుషులలో 2.69 శాతం. అనగా పన్నెండు రెట్లు. ఇందుకు శరీర ధర్మం ఒక కారణమైతే దాపరికం మరొక కారణం. భయపడుతూ చీకటిలో కలుసుకొనే వానికి కండోమ్ గురించి మాట్లాడే వ్యవధి గాని, పరీక్షకు వెళ్లే ధైర్యం గాని ఉండవు.

ఖమ్మం వంటి పట్టణంలో ఎవరు ఏ గడప తొక్కినదీ సాయంత్రానికి వీధి వీధికీ తెలుస్తుంది. భద్రాచలం అడవి అంచున చర్ల, దుమ్ముగూడెం పల్లెల నుండి వచ్చిన విద్యార్థి స్థితి మరింత కష్టం. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష ఉచితమే; 2004 నుండి మందులూ ఉచితమే. అయినను మనసు విప్పే చోటు దొరకనివాడు పరీక్ష గది వరకు ఎట్లు పోగలడు?

మన పెద్దలకు ఈ సూత్రం తెలియనిది కాదు. పల్లెలో రచ్చబండ, ఇంటిలో బైఠక్ ఏర్పడినది ఇందుకే. నలుగురితో కూర్చున్నప్పుడే మంచి మాట చెవికెక్కుతుంది. ముంబయిలో 1994లో ఆరంభమైన హమ్‌సఫర్ ట్రస్టు నగరపాలక సంస్థ భవనంలోనే చోటు సంపాదించి, ఇట్టి యువకులు కలుసుకొనే కేంద్రాన్ని నడిపినది. అమెరికాలో యూజీన్ అనే మధ్యతరహా పట్టణంలో యువకులే తమ కలయిక స్థలాన్ని, వేడుకలను, చర్చలను నిర్వహించుకొనగా, రక్షణ లేని సంపర్కం గలవారు 41 శాతం నుండి 30 శాతానికి తగ్గినట్లు 1996లో ప్రకటించిన అధ్యయనం తెలిపినది. ఉపన్యాసం కంటే స్నేహితుని మాటకు బలమెక్కువ.

ఇది తప్పును ప్రోత్సహించుట కాదా అని కొందరు అడుగవచ్చును. గది ఇచ్చినంత మాత్రాన ఎవరి స్వభావమూ పుట్టదు. మూసినంత మాత్రాన పోదు. పెద్దల మధ్య పరస్పర సమ్మతితో జరిగే ఇట్టి సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే నెల 10వ తేదీన అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం సమ్మతి లేని పరీక్షను నిషేధించి, వ్యక్తి రహస్యానికి రక్షణ కల్పించినది.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. రెడ్ రిబ్బన్ క్లబ్బు ఏడాదికొక ఊరేగింపుతో ఆగిపోరాదు. వారానికి ఒక గంట, ఒక గది, నమ్మదగిన ఒక అధ్యాపకుడు చాలును. హాజరు పుస్తకం వద్దు, పేరు అడుగవద్దు. 1097 సహాయ సంఖ్యను నోటీసు బోర్డుపై వ్రాయించండి. ప్రమాదం జరిగిన 72 గంటలలోపు మందు మొదలుపెడితే హెచ్.ఐ.వి. సోకకుండ చాలవరకు కాపాడుకోవచ్చునన్న సంగతి ప్రతి విద్యార్థికీ తెలియజేయండి.

సోదర విద్యార్థులారా, మనవంతు ఇంకను సులభం. పక్క బెంచీవానిపై విసిరే ఎగతాళి మాటను మానుకొందాము. ఆ ఒక్క మాటకు వెరచి ఆసుపత్రి మెట్ల నుండి వెనుదిరిగినవాడు మన మిత్రుడే కావచ్చును.