చార్జర్ స్పెక్స్ చూస్తాం సరే, సాకెట్ సంగతి ఎవరు చూస్తారు?

కొత్త ఫోన్ కొనేముందు మనం ఎన్ని రివ్యూలు చూస్తామో లెక్కే ఉండదు. చార్జర్ 67 వాట్సా, 100 వాట్సా అని కామెంట్లలో కొట్టుకుంటాం కూడా. కానీ ఆ చార్జర్ పెట్టే సాకెట్‌ని ఎప్పుడైనా చెక్ చేశామా? పోయినేడాది వరకు నేనైతే చేయలేదు.

హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లోకి మారాక నా డెస్క్‌టాప్ సెటప్ చేసుకున్నా. చెప్పుల్లేకుండా క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమనేది. పీసీ పాడైందనుకున్నా. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే అసలు విషయం తెలిసింది. సాకెట్‌కి మూడు రంధ్రాలున్నాయి గానీ, పైనున్న పెద్ద రంధ్రం వెనక వైరే లేదు. అంటే ఎర్తింగ్ లేదు.

పీసీ పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి మెటల్ బాడీకి కొద్దిగా కరెంట్ లీక్ అవుతుంది. అది డిజైన్‌లో భాగమే. ఎర్త్ వైర్ ఉంటే నేలలోకి పోతుంది, లేకపోతే మన చేతిలోంచి పోతుంది. చాలా తక్కువ కాబట్టి జివ్వుమనిపించి వదిలేసింది. కానీ మా రూమ్మేట్ రోజూ పొద్దున స్టీల్ బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టే బాత్రూమ్ సాకెట్‌కీ ఎర్త్ లేదు. ఆ రాడ్ పాడైతే? తల్చుకుంటేనే భయమేసింది.

"ఎంసీబీ ఉందిగా బాబూ, ట్రిప్ అవుతుందిలే" అన్నారు ఓనర్ అంకుల్. మనలో చాలామంది పొరబడేది ఇక్కడే. ఎంసీబీ కాపాడేది వైరింగ్‌ని, మనల్ని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే కరెంట్ 16 ఆంపియర్లు దాటాలి. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు.

మనల్ని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ సమానంగా ఉన్నాయో లేదో అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు లోపే సప్లై కట్ చేస్తుంది. మన భాషలో చెప్పాలంటే, లెక్క టాలీ కాకపోతే ప్రోగ్రామ్ ఎగ్జిట్.

"అద్దె ఇంటికి మనమెందుకు ఖర్చు పెట్టాలి?" అన్నాడు రూమ్మేట్. ఇల్లు ఓనర్‌దే, ప్రాణం మాత్రం మనది కదా! చివరికి ఎర్తింగ్ అంకుల్ చేయించారు, ఆర్‌సీసీబీ ఖర్చు మేమిద్దరం పంచుకున్నాం. ఇయర్‌బడ్స్ మీద పెట్టే డబ్బు కంటే ఎక్కువేం కాలేదు.

నా మాట ఒక్కటే. ఇల్లు చూడ్డానికి వెళ్తే వైఫై కంటే ముందు ఎర్తింగ్ గురించి అడగండి. ఇప్పుడుంటున్న ఇంట్లో మెయిన్ బోర్డు తెరిచి, 'టెస్ట్' బటన్ ఉన్న స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే నెలకోసారి నొక్కండి, పడకపోతే మార్పించండి. అది ఉంది కదా అని ధీమా వద్దు, ప్లగ్ తీశాకే రాడ్ పెట్టిన నీళ్లలో చెయ్యి పెట్టండి. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించే అలవాటుంటే ఈరోజే మానేయండి. ఆ మూడో పిన్ను ఊరికే పెట్టలేదు.