పతకం రంగు మారింది, పరుగు మారిందా?



మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో ఆస్తానాలో జరిగిన ఆసియా ఇండోర్ అథ్లెటిక్స్ పోటీల్లో 60 మీటర్ల హర్డిల్స్‌ను 8.13 సెకన్లలో పూర్తిచేసి రజతం అందుకుంది. మరుసటి ఏడాది టెహ్రాన్‌లో 8.12 సెకన్లతో స్వర్ణం గెలిచింది. రెండుసార్లూ జాతీయ రికార్డే. తేడా సెకనులో నూరో వంతు. ఆస్తానాలో ఆమెకంటే వేగంగా పరుగెత్తినవారు ఒకరున్నారు, టెహ్రాన్‌లో లేరు. అంతే!

మరి ఆ రజతాన్ని తక్కువగా చూడగలమా?

ప్రోగ్రెస్ కార్డు రాగానే మన కళ్లు ముందు ర్యాంకు మీదికే పోతాయి. పోయిన నెల 12, ఈ నెల 19 అయితే బిడ్డ వెనకబడ్డట్టే అనుకుంటాం. మార్కులు పెరిగినా ర్యాంకు తగ్గవచ్చు. తోటివాళ్లు ఇంకాస్త బాగా రాసి ఉండవచ్చు.

ఈఏపీసెట్‌లో సీటు ర్యాంకును బట్టే వస్తుంది, నిజమే. కానీ ఏడో తరగతి నెలవారీ పరీక్ష ఈఏపీసెట్ కాదు. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఈ వయసు పిల్లలకు ముందు కావాల్సింది తాము ఎదుగుతున్నామన్న నమ్మకం.

ఈసారి సంతకం పెట్టేముందు పాత కార్డును పక్కన పెట్టుకుని చూడండి. ఏ సబ్జెక్టులో మెరుగయ్యారో ముందు ఆ మాట చెప్పండి. ర్యాంకు సంగతి తర్వాత అడగవచ్చు.